ఆఫ్రికన్ కవితలు, తాబేలు కథలు, సాహిత్య పదాలు: ముందు చెవికి, తర్వాతే నోట్‌బుక్‌కి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీవారి ఉద్యోగం వల్ల నిరుడు హైదరాబాద్ నుంచి నైజీరియాలోని లాగోస్ వెళ్ళారు, పాపకు పన్నెండేళ్ళు, జేఎస్ఎస్ 2లో, అంటే జూనియర్ సెకండరీ రెండో ఏడులో చేరింది. అక్కడ ఇంగ్లీష్ ఒక సబ్జెక్టు, లిటరేచర్ ఇన్ ఇంగ్లీష్ ఇంకో సబ్జెక్టు. టీచర్ ఇచ్చిన ఇరవై సాహిత్య పదాల నిర్వచనాలు పాప తడుముకోకుండా అప్పజెబుతోంది, అయినా టెస్టులో సగం మార్కులు కూడా రాలేదు. మీరేమో తెలుగు మీడియంలో చదివారు, ఎలా సాయం చెయ్యాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. పైగా మోసాలు చేసే తాబేలు కథలు, సాలీడు కథలు పిల్లలకెందుకు అని కూడా అడిగారు.

నేను పశ్చిమ ఆఫ్రికాలో ఇరవై ఏళ్ళకు పైగా ఈ సబ్జెక్టే చెప్పాను, ముందు నైజీరియాలోని ఇబాడాన్‌లో, తర్వాత ఘనాలోని అక్రాలో. ఇప్పుడు రిటైరై కాకినాడలో ఉంటున్నాను. నిజానికి ఈ విషయంలో పాపకు సాయం చెయ్యడానికి మీ తెలుగు మీడియం చదువే బాగా పనికొస్తుంది, ఎందుకో కింద చెబుతాను.

ముందు మార్కులు ఎందుకు పోయాయో చూద్దాం. పిల్లలకు పదాల పట్టిక ముందిచ్చి కవిత తర్వాత ఇస్తే, వాళ్ళు కవితలో ఆ పదాలను వెతుక్కుంటారు. సిమిలీ, అంటే పోలిక, దొరికింది, గీత గీశారు, పర్సనిఫికేషన్, అంటే మనిషి కానిదాన్ని మనిషిలా చెప్పడం, దొరికింది, గీత గీశారు, అయిపోయింది. కవిత వినలేదు. నేను కూడా మొదటి సంవత్సరం అలాగే చెప్పాను, బోర్డు నిండా నిర్వచనాలు రాసి కాపీ చేసుకోమన్నాను. ఒకరోజు క్లాసులో, ఆ ప్రాంతపు భాష యొరుబా, ఆ యొరుబా వాళ్ళ తాబేలు కథ ఒకటి పుస్తకంలోంచి చదువుతున్నాను, మధ్యలో నాలుగు లైన్ల పాట వస్తే దాన్నీ వచనం చదివినట్టే చదివేసి ముందుకెళ్ళబోయాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి ఆ పాట అందుకుంది, రెండో లైనుకల్లా క్లాసంతా చప్పట్లతో కలిసింది. ఆ నలభై మంది పిల్లలకు ఆ కథ ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు, తెలియనిది నాకే. రిఫ్రెయిన్, అంటే పల్లవిలా మళ్ళీ మళ్ళీ వచ్చే లైను, ఏమిటో వాళ్ళకు నేను చెప్పాల్సిన అవసరమే లేదని, వాళ్ళు చేస్తున్న పనికి ఆ పేరు పెట్టడం ఒక్కటే నా పని అని ఆరోజు అర్థమైంది. అందుకే మీకు చెప్పేది కూడా అదే, ముందు పాప చెవిలో పడనివ్వండి, పేరు తర్వాత చెప్పండి.

యొరుబాలో ఇలాంటి కథను, పొడుపు కథను కూడా ఆలో అనే అంటారు. చెప్పేవాళ్ళు "ఆలో ఓ!" అని కేకేస్తే వినేవాళ్ళు "ఆలో!" అని బదులిస్తేనే కథ మొదలవుతుంది. నైజీరియా ఉత్తరాదిన హౌసా వాళ్ళ దగ్గర "ఇదిగో కథ, ఇదిగో కథ" అన్న అర్థంలో పిలుపు, "రానీ, విందాం" అన్న అర్థంలో జవాబు ఉంటాయి. ఘనాలో అకాన్ వాళ్ళ కథకులైతే ఇప్పుడు చెప్పబోయేది నిజమని మేం అనడం లేదు సుమా అని ముందే చెప్పి మొదలుపెడతారు. మన దగ్గర "అనగనగా" అన్న తర్వాత ఊ కొట్టేవాళ్ళు లేకపోతే అమ్మమ్మ కథ ఆపేసేది కదా, బుర్రకథలో వంత లేకపోతే కథ నడవదు కదా, సరిగ్గా అదే సంగతి. పాపకు "కాల్ అండ్ రెస్పాన్స్" అన్న పదం టెస్టులో వస్తే ఆ తందాన తాన గుర్తొస్తే చాలు, ఇక మర్చిపోదు.

కథల విషయానికొస్తే, యొరుబాలో తాబేలు పేరు ఇజాపా, ఆగ్నేయ నైజీరియా వాళ్ళ ఇగ్బోలో ఎంబే, అకాన్ వాళ్ళకు సాలీడు అనాన్సి, హౌసాలోనూ సాలీడే, పేరు గిజో. తూర్పు ఆఫ్రికా వైపు స్వాహిలి కథల్లో ఈ పాత్ర కుందేలుది, సుంగురా అంటారు. వీటన్నిటికీ కలిపి ట్రిక్‌స్టర్ అని పేరు. మాయలమారి అనో జిత్తులమారి అనో అనుకోండి.

ఒక్క కథ తీసుకుని చూపిస్తాను, ఇది చినువా అచెబె 1958 నాటి నవల థింగ్స్ ఫాల్ అపార్ట్‌లో ఒక తల్లి కూతురికి రాత్రిపూట చెప్పే ఇగ్బో కథ. ఆకాశంలో విందుకు పక్షులన్నిటినీ పిలిచారు. కింద కరువు, తాబేలు ఎండుకట్టెలా అయిపోయింది. మంచి మాటలు చెప్పి ఒక్కో పక్షి దగ్గరా ఒక్కో ఈక అడిగి రెక్కలు కట్టుకుంది. విందుకు వెళ్ళేవాళ్ళందరూ కొత్త పేర్లు పెట్టుకోవాలి, అది ఆచారం అని వాటిని నమ్మించి తన పేరు "మీరందరూ" అని పెట్టుకుంది. పైన భోజనం పెట్టగానే "ఇదంతా ఎవరికి?" అని అడిగింది. "మీరందరికీ" అన్నారు వాళ్ళు. ఇంకేం, మంచివన్నీ తనే తినేసింది. పక్షులకు కోపమొచ్చి ఎవరి ఈకలు వాళ్ళు పీక్కున్నాయి. అప్పుడు తాబేలు, ఇంట్లో ఉన్న మెత్తటి వస్తువులన్నీ వాకిట్లో పరవమని తన భార్యకు చెప్పమంది, ఒక్క చిలుక సరేనంది. కానీ చిలుక వెళ్ళి గట్టి వస్తువులన్నీ పరవమని చెప్పింది. పారలు, కత్తులు, ఈటెలు, చివరికి ఫిరంగి కూడా వాకిట్లోకి వచ్చాయి. తాబేలు పైనుంచి దూకింది, డిప్ప ముక్కలైంది, వైద్యుడు ఆ ముక్కలు అతికించాడు, అందుకే దాని వీపు మీద అతుకులు.

పాపను ఈ కథ మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పాక నెమ్మదిగా అడగండి, తాబేలు దేంతో మోసం చేసింది? ఒక మాటతో. చివరికి దేనివల్ల దెబ్బ తింది? ఒక మాట మార్చి చెప్పడం వల్ల. ఇది పాప తనంతట తాను పట్టుకుంటే ఐరనీ, అంటే అనుకున్నది తిరగబడటం, అన్న పదం దానికదే వస్తుంది. చిలుక ఏం చెప్పిందో మనకు తెలుసు, పైనున్న తాబేలుకి తెలియదు, అది దూకేముందు మన గుండె ఒక్కసారి ఆగుతుంది చూడండి, దాన్నే డ్రమాటిక్ ఐరనీ అంటారు. "మీరందరూ" అన్న పేరు మీద ఆట శ్లేష, ఇంగ్లీష్‌లో పన్. చివర్లో తాబేలు వీపు ఎందుకలా ఉందో చెప్పింది కాబట్టి ఇది కారణం చెప్పే కథ కూడా. ఒక్క కథలో నాలుగు పదాలొచ్చాయి, ఒక్కటీ బట్టీ కొట్టలేదు.

మన పంచతంత్రంలోనూ ఒక తాబేలు ఆకాశం నుంచి పడుతుంది, కంబుగ్రీవుడు, గుర్తుందా? హంసలు కర్ర పట్టుకుంటే నోటితో కరుచుకుని ఎగురుతూ, నోరు మూసుకుని ఉండలేక పడిపోతాడు. పాపకు ఇది తెలిసే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఏమిటో అడగండి. మన తాబేలు చెడ్డది కాదు, నోరు కట్టుకోలేకపోయింది, అంతే. ఇగ్బో తాబేలు పంక్తిలో కూర్చుని తోటివాళ్ళ కూడు తిన్నది. కరువులో పంచుకుని తినాల్సిన ఊళ్ళో అంతకంటే పెద్ద తప్పు లేదు. "థీమ్ ఏమిటి?" అన్న ప్రశ్నకు పిల్లలు సాధారణంగా "దురాశ దుఃఖానికి చేటు" అని ఒక్క ముక్కలో ముగిస్తారు. అది నీతి, థీమ్ కాదు. ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారు, ఆ కథ చెప్పుకునే ఊళ్ళో అది ఎందుకు ముఖ్యం, అక్కడిదాకా వెళ్తేనే థీమ్.

మోసం చేసే పాత్రలు పిల్లలకెందుకన్నారు. అనాన్సిని చూడండి. లోకంలోని కథలన్నీ ఆకాశ దేవుడు న్యామె దగ్గర ఉండేవట, వెల చెప్పమంటే కొండచిలువను, చిరుతను, కందిరీగల దండును, ఒక వనదేవతను పట్టి తెమ్మన్నాడట. కాలి కింద నలిగిపోయేంత చిన్న సాలీడు వాటన్నిటినీ బుద్ధిబలంతో పట్టి తెచ్చి కథల్ని కొనుక్కుంది. అకాన్ వాళ్ళు ఈనాటికీ కథల్ని అనాన్సి కథలు అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. బానిసలుగా ఓడల్లో జమైకా దాకా తరలించబడ్డ మనుషుల వెంట ఈ సాలీడు కూడా వెళ్ళింది, అక్కడ ఇప్పటికీ బతికే ఉంది. ఏమీ లేని మనిషికి బుర్ర ఒక్కటే ఆస్తి అయినప్పుడు ఆ కథ ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఆలోచించండి. తాబేలు ఓడిపోయే కథలు, సాలీడు గెలిచే కథలు రెండూ పక్కపక్కనే వింటూ పెరిగిన పిల్లలకు ఎక్కడ తెలివి, ఎక్కడ ద్రోహం అన్నది ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మిత్, లెజెండ్, ఫోక్‌టేల్ తేడా తప్పకుండా అడుగుతారు, క్లుప్తంగా చెబుతాను. ఇలే-ఇఫె అనే యొరుబా ఊరి దగ్గర ఒక దేవుడు ఆకాశం నుంచి గొలుసు పట్టుకుని దిగి, నీళ్ళ మీద మట్టి పోసి, కోడిచేత కాళ్ళతో చెదరగొట్టించి నేలను తయారుచేశాడన్నది యొరుబా మిత్. పదమూడో శతాబ్దంలో మాలీ సామ్రాజ్యాన్ని స్థాపించిన సుందియాటా గురించి గ్రియోలు అనే వంశపారంపర్య గాయకులు పాడేది లెజెండ్, నిజంగా ఉన్న మనిషి చుట్టూ అల్లుకున్నది. తాబేలు కథ ఫోక్‌టేల్.

ఇక కవిత్వం. ఇక్కడ నేను ఒక్క కవిత దగ్గర ఆగుతాను, గాబ్రియెల్ ఒకారా రాసిన వన్స్ అపాన్ ఎ టైమ్. ఒకారా 1921లో నైజర్ డెల్టాలో పుట్టిన ఇజా తెగ మనిషి, 2019 దాకా బతికారు. ఈ కవితలో తండ్రి కొడుకుతో మాట్లాడతాడు. ఒకప్పుడు మనుషులు గుండెతో నవ్వేవాళ్ళురా, కళ్ళతో నవ్వేవాళ్ళు, ఇప్పుడు పళ్ళతో నవ్వుతున్నారు అంటాడు. మళ్ళీ రండి అంటారు గానీ మూడోసారి వెళ్తే తలుపు మూసేస్తారు. నేనూ అవన్నీ నేర్చుకున్నాను, బట్టలు మార్చినట్టు ఇంటికొక ముఖం, ఆఫీసుకొక ముఖం, వీధికొక ముఖం మార్చడం నేర్చుకున్నాను అంటాడు. చివర్లో, అద్దంలో చూసుకుంటే నా నవ్వులో పాము కోరల్లాంటి పళ్ళే కనిపిస్తున్నాయి, నవ్వడం ఎలాగో నువ్వు నాకు నేర్పరా అని పసివాణ్ణి అడుగుతాడు.

దీన్ని పాపచేత పైకి చదివించండి, తండ్రి మాట్లాడినట్టు, తొందర లేకుండా. చదివాక మొదటి ప్రశ్న, వన్స్ అపాన్ ఎ టైమ్ అని ఎక్కడ అంటాం? కథ మొదట్లో, జరగని సంగతికి. మరి ఈ తండ్రి నిజంగా జరిగినదానికి ఆ మాట ఎందుకు వాడాడు? మనస్ఫూర్తిగా నవ్వడం అన్నది ఇప్పుడు రాజకుమారుడు, రాక్షసుడు కథలాగా ఎక్కడో విన్న సంగతైపోయింది కాబట్టి. పేరులోనే కవిత అంతా ఉంది. పన్నెండేళ్ళ పిల్లలకు ఇది అందదేమో అనుకుంటారు గానీ, ఊరు మారి కొత్త స్కూల్లో చేరిన మీ పాపకు పళ్ళతో నవ్వడం అంటే ఏమిటో మనందరికంటే బాగా తెలిసి ఉంటుంది.

ఇక్కడే మీ తెలుగు మీడియం అక్కరకొస్తుంది. పదో తరగతి ఉపమాలంకారం గుర్తు తెచ్చుకోండి, ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం (రెండిటికీ ఉన్న ఉమ్మడి గుణం). ఇంగ్లీష్ క్లాసులో సిమిలీ అంటే లైక్, యాజ్ వాడి పోల్చడం అని చెప్పి వదిలేస్తారు. పాము కోరల లైను తీసుకోండి. ఉపమేయం నవ్వులో కనిపించే పళ్ళు, ఉపమానం పాము కోరలు, వాచకం లైక్. సమానధర్మం? అది కవి చెప్పలేదు. మన లెక్కలో ఇది లుప్తోపమ. చెప్పకుండా వదిలేసిన ఆ నాలుగో ముక్కను చదివేవాళ్ళు నింపుకోవాలి: విషం, కాటు, పైకి నవ్వులా కనిపిస్తూనే లోపల హాని. మీ పాపకు పోయిన మార్కులు ఆ నాలుగో ముక్కకే పోయాయి. "ఇది సిమిలీ" అని రాస్తే ఒక మార్కు, "తన నవ్వులోనే విషం ఉందని అతనికి భయం పట్టుకుంది" అని రాస్తే మిగతావి. ఏ కవితలో ఏ పోలిక వచ్చినా సమానధర్మం ఏమిటి అని అడిగే అలవాటు చెయ్యండి, ఆ తెలుగు మాటే వాడండి, ఏమీ నష్టం లేదు. ఆ లైక్ అన్న మాట తీసేసి దాన్నే ఇది అని తేల్చి చెబితే మెటఫర్, మన రూపకం. అతిశయోక్తికి హైపర్‌బోలి, అంత్యప్రాసకు రైమ్, అనుప్రాసకు అలిటరేషన్ దగ్గరగా సరిపోతాయి.

రైమ్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. చాలామంది పిల్లలు ఆఫ్రికన్ కవితలో రైమ్ లేదని లోపంలా రాస్తారు. డేవిడ్ డియోప్ రాసిన ఆఫ్రికా అనే కవిత తీసుకోండి, అది ఫ్రెంచ్‌లో రాసింది, 1956లో వచ్చిన సంపుటిలోది, పాప చదివేది అనువాదం. అందులో చూడాల్సింది ప్రాస కాదు, ఆఫ్రికా అన్న పేరు పదేపదే పిలవడం, వంగిపోయిన వీపు పదేపదే రావడం. డియోప్ పుట్టింది బోర్డోలో, 1927లో, తండ్రిది సెనెగల్, తల్లిది కామెరూన్. నిన్ను నేను ఎరగను అని ఆఫ్రికాతోనే అంటాడు ఆ కవితలో, ఆ మాట అలంకారం కోసం అన్నది కాదు. ఎదురుగా లేనివాళ్ళను, మాట్లాడలేనిదాన్ని పిలిచి మాట్లాడితే అపాస్ట్రఫీ. ఆయన 1960లో డకార్ దగ్గర విమాన ప్రమాదంలో పోయారు, ముప్పై మూడేళ్ళకే. 1930ల్లో పారిస్‌లో సెంఘోర్, సెజైర్, డమాస్ అనే కవులు మొదలుపెట్టిన నెగ్రిట్యూడ్, అంటే నల్లవాళ్ళమని గర్వంగా చెప్పుకోవడం, అన్న ఆలోచన గురించి టీచర్ చెబితే దానికి ఈ కవిత మంచి ఉదాహరణ. సెంఘోర్ తర్వాత సెనెగల్ మొదటి అధ్యక్షుడయ్యారు.

కోఫీ అవూనోర్ కవిత ఒకటి ఉంది, ద సీ ఈట్స్ ద ల్యాండ్ ఎట్ హోమ్. ఘనా తీరంలో కేటా అనే ఊరు, అక్కడ నిజంగానే సముద్రం ఇళ్ళను కోసుకుంటూ లోపలికి వచ్చింది. అల వంటింట్లోకి దూరి పొయ్యిలోని కట్టెలు పోగేసుకోవడం, రాత్రిపూట వచ్చి కుండలు ఎత్తుకుపోవడం, ఆడవాళ్ళ ఏడుపులు, ఆ పేరులోని వాక్యమే మళ్ళీ మళ్ళీ రావడం. అవూనోర్ నాయనమ్మో అమ్మమ్మో ఆ తీరప్రాంతపు ఎవే భాషలో శోకాలు పాడే గాయని, ఆ ఏడుపు పాట నడకే ఇంగ్లీష్‌లోకి వచ్చింది. "ఈట్స్" అన్నది పర్సనిఫికేషన్ అని పుస్తకం చెబుతుంది, కానీ మా కాకినాడ పక్కన ఉప్పాడలో ఎవరినైనా అడగండి, మా వీధిని సముద్రం మింగేసిందండీ అనే అంటారు, అలంకారం వాడుతున్నామని వాళ్ళు అనుకోరు. అలంకారం అనేది మనుషుల నోట్లో ముందు పుట్టి కవి దగ్గరకు తర్వాత వస్తుంది. నేను ఆ కవిత అక్రాలో చెప్పాను, ఇక్కడికొచ్చి ఉప్పాడ రోడ్డు మీద నిలబడినప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. అవూనోర్ 2013 సెప్టెంబర్‌లో నైరోబీలో ఒక షాపింగ్ మాల్ మీద జరిగిన ఉగ్రవాద దాడిలో చనిపోయారు, సాహిత్య ఉత్సవానికని వెళ్ళి.

ఇంకొకటి సీనియర్ క్లాసుల్లో వస్తుంది, ఇప్పుడే చెప్పి ఉంచుతాను. అబికు అనే పేరుతో ఇద్దరు కవితలు రాశారు, జె.పి. క్లార్క్ ఒకరు, 1986లో నోబెల్ అందుకున్న వొలే సోయింకా ఒకరు. అబికు అంటే యొరుబా నమ్మకంలో పుట్టడం, చిన్నప్పుడే చనిపోవడం, మళ్ళీ అదే తల్లికి పుట్టడం, ఇలా తిరుగుతూ ఉండే బిడ్డ. క్లార్క్ కవితలో మాట్లాడేది ఇంట్లోవాళ్ళు, ఇక ఉండిపోరా, మీ అమ్మ అలిసిపోయింది అని బతిమాలతారు. సోయింకా కవితలో మాట్లాడేది ఆ బిడ్డే, మీ తాయెత్తులు, మీ కడియాలు నన్ను ఆపలేవని సవాలు చేస్తుంది. పర్సొనా (కవితలో మాట్లాడే గొంతు) అంటే ఏమిటి, టోన్ (ఆ మాట తీరు) అంటే ఏమిటి అని అడిగిన ప్రతి విద్యార్థికీ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ణి, ఇంకో ఉదాహరణ అవసరం పడలేదు. యొరుబా వాళ్ళు అలాంటి బిడ్డలకు మలోమో, అంటే ఇక వెళ్ళకు, దురోజాయే, అంటే ఉండి బతుకు అనుభవించు, అని పేర్లు పెడతారు. మన పాత తరాల్లో పిల్లలు దక్కని ఇంట్లో తర్వాత పుట్టినవాడికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పెట్టేవారు కదా, చావు కన్ను పడకుండా. ఆ పేర్లు తెలిసిన ఇంటివాళ్ళకు అబికు కవిత వింత మూఢనమ్మకంలా కనిపించదు, ఒక తల్లి కడుపుకోతలా కనిపిస్తుంది. పాపకు ఇప్పుడే అవసరం లేదు, మీరు మాత్రం చదవండి.

ఇంకో సంగతి, జవాబుల్లో "ఆఫ్రికన్లు ఇలా నమ్ముతారు" అని రాయనివ్వకండి. ఒక్క నైజీరియాలోనే 500కు పైగా భాషలున్నాయి. ఇగ్బో కథ అని రాయాలి, ఎవే శోకగీతం అని రాయాలి. పంజాబీ పాట గురించి ఎవరైనా "భారతీయుల పాట" అని రాసి వదిలేస్తే మనకెలా ఉంటుందో అదే. మీ అపార్ట్‌మెంట్‌లో యొరుబా మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒక సాయంత్రం వాళ్ళను తాబేలు కథ ఒకటి యొరుబాలోనే చెప్పమనండి, పాపకు అర్థం కాకపోయినా సరే. యొరుబాలో స్వరం ఎత్తు మారితే అర్థమే మారిపోతుంది, ఒకో అన్న మాటనే ఒక రకంగా పలికితే భర్త, ఇంకోలా పలికితే పార, మరోలా పలికితే వాహనం. అందుకే అక్కడ ఆ స్వరాలనే వాయిస్తూ డప్పు కూడా మాట్లాడగలుగుతుంది. ఆ భాష ఒకసారి చెవిన పడితే, ఆ కవులు ఇంగ్లీష్‌లో రాస్తూ ఏ చప్పుడు వెనకాల పరుగెత్తారో పాపకు తెలుస్తుంది.

పరీక్ష మాట కూడా చెప్పేస్తాను. ఏ జవాబులోనైనా మూడు ఉండాలి, పదం పేరు, కవితలోని ఆ లైను, ఆ లైను అక్కడ ఏం చేస్తోందో ఒక వాక్యం. మూడోది లేకపోతే మొదటి రెండిటికీ పెద్దగా విలువ ఉండదు. ఎస్ఎస్ఎస్ 3, అంటే సీనియర్ సెకండరీ ఆఖరి ఏడు, చివర్లో రాసే వాయెక్ (పశ్చిమ ఆఫ్రికా బోర్డు) పరీక్షలో ముందెప్పుడూ చూడని కవిత ఇచ్చి ప్రశ్నలడుగుతారు, సిలబస్‌లో పెట్టే సెట్ పుస్తకాలైతే కొన్నేళ్ళకోసారి మారిపోతుంటాయి. కాబట్టి ఫలానా కవిత నోట్సు బట్టీ పట్టినా అప్పటికి ఉపయోగపడదు, కొత్త కవితను చెవితో వినగలగడమే ఉపయోగపడుతుంది. ఇప్పట్నుంచే రోజుకు పది నిమిషాలు పైకి చదివించండి. నిర్వచనాల కాగితం ఒక నెల పక్కన పెట్టండి.

ఈ ఆదివారం జె.పి. క్లార్క్ రాసిన ఇబాడాన్‌తో మొదలుపెట్టండి, మొత్తం ఐదే లైన్లు. ఏడు కొండల మీద పరుచుకున్న తుప్పు రేకుల కప్పుల ఊరిని ఎండలో మెరిసే పగిలిన పింగాణీ ముక్కలతో పోలుస్తాడు. నేను ఆ ఊళ్ళో మాపో కొండ ఎక్కి కిందికి చూసిన ప్రతిసారీ ఆ ముక్కలే కనిపించేవి. పాపచేత మూడుసార్లు చదివించి, పుస్తకం మూసేసి, వదిలొచ్చిన హైదరాబాద్ మీద తనను ఐదు లైన్లు రాయమనండి, ఇంగ్లీష్‌లోనైనా తెలుగులోనైనా. ఒక్క పోలిక ఉండాలి, ఎక్కడా విన్నది కాకూడదు. రాసింది ఇక్కడ పెట్టండి, సమానధర్మం ఏమిటని ఆ పాపనే అడుగుతాను.